గట్టు తొక్కకుండా గీసిన గీత మాకొద్దు

2020 డిసెంబరు 21న కృష్ణా జిల్లా తక్కెళ్ళపాడులో భూముల రీసర్వే మొదలుపెట్టారు. పైన డ్రోను, కింద రోవరు, ఇక గట్టు తగాదాలే ఉండవన్నారు. ల్యాండ్ టైట్లింగ్ చట్టాన్ని 2024లో రద్దు చేశారు. చట్టం పోయినా, పాత సర్వే నంబర్ల స్థానంలో వచ్చిన ఎల్‌పీఎం నంబర్లు, వాటి పటాలు మన నెత్తిమీదే ఉన్నాయి.

ఆ పటంలో మన చేను ఒక బహుభుజి. సర్వేయర్లు పాలిగాన్ అంటారు. కంప్యూటరుకు గట్టూ తెలియదు, బోదే తెలియదు. మూలలు వరసగా ఇస్తే గీతలు కలిపి, తిరిగి మొదటి మూలకు తెచ్చి మూసి, లోపలి విస్తీర్ణం చెబుతుంది. మూల తప్పు పడితే సెంట్లూ తప్పుతాయి.

ఎంత తప్పుతాయి? ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు ఉన్న చేను సరిగ్గా ఎకరం. అంటే 66 అడుగులు, 660 అడుగులు. పొడుగు గట్టు గీత ఒక్క అడుగు లోపలికి జరిగితే 660 చదరపు అడుగులు, అంటే ఒకటిన్నర సెంటు పోతుంది. కోనసీమలో కొబ్బరి మట్టల కింద ఉన్న గట్టు డ్రోనుకు ఎలా కనబడుతుంది?

పక్కపక్క చేలకు మధ్య గీత ఒక్కటే ఉండాలి. విడివిడిగా గీస్తే ఎవరికీ చెందని సందు మిగులుతుంది, లేదా ఒకే ముక్క ఇద్దరి పేరునా పడుతుంది. ఇలాంటివి కంప్యూటరే వెతికి చూపగలదు. చూడమని పురమాయించేవాడే కావాలి. ఇక జాయింట్ ఎల్‌పీఎంల సంగతి: ఇద్దరు ముగ్గురు రైతులను ఒకే గీతలో కట్టేస్తే అమ్మకానికీ, అప్పుకూ ఒకరి సంతకం కోసం మరొకరు తిరగాలి.

అందుకే మేం అడుగుతున్నాం:

1. ఇరుగుపొరుగు రైతులు గట్టు మీద ఉండగానే మూలలు కొలవాలి.
2. ప్రతి రైతుకూ మూలల పట్టిక, ప్రతి గట్టు పొడవు కాగితం మీద ఇవ్వాలి.
3. సందులు, అతివ్యాప్తులు సరిచేశాకే తుది ప్రకటన వెలువరించాలి.
4. జాయింట్ ఎల్‌పీఎంలను రుసుము లేకుండా విడగొట్టాలి.

రైతు సోదరులారా, మీ పటం తెచ్చుకోండి. టేపు పట్టి గట్లు కొలవండి. తేడా ఉంటే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రశీదు తీసుకోండి. తుది ప్రకటన తర్వాత మూడేళ్ళలోగా సివిల్ కోర్టుకు వెళ్ళే హక్కు 1923 నాటి సర్వే చట్టంలోనే ఉంది. ఆ గడువు దాటనివ్వకండి. ఒక్కరే తిరగకండి, ఊరంతా కలిసి కదలండి.