గాజులకు గుడ్డ చుట్టి

ఈసారి వంటలూ కాదు, పిల్లల పరీక్షలూ కాదు. వచ్చే శనివారం ఇక్కడ జార్జ్ టౌన్‌లో ఒక రికార్డింగ్ స్టూడియోలో రెండు గంటలు బుక్ చేశాను. పాడేది నేను కాదులెండి, భయపడకండి. మా పక్కింటి పెద్దమ్మ.

పెద్దమ్మకి డెబ్బై ఎనిమిదేళ్ళు. పుట్టింది కెడా వైపు రబ్బరు తోటలో. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. నాది విజయనగరం. కొత్తగా ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడ "ఏటమ్మా, ఎలగున్నావు?" అంటే మా అమ్మమ్మ పిలిచినట్టే ఉలిక్కిపడ్డాను.

ఆవిడ దగ్గర ఒక జోలపాట ఉంది. వాళ్ళమ్మ పాడేదట. అందులో ఓడ ఉంది, మేనమామ ఉన్నాడు, రబ్బరు పాలు పట్టే కొబ్బరి చిప్ప కూడా ఉంది. ఆ చిప్ప శ్రీకాకుళంలో చేరింది కాదు కదా! మరెవరి నోటా నేనీ పాట వినలేదు. సంక్రాంతికి పాడుతూ పాడుతూ మధ్యలో రెండు చరణాలు మరిచిపోయింది. నవ్వేసింది గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా ఫోన్‌లో ఉన్న పాటలో ఫ్యాను చప్పుడు, మోటారు సైకిళ్ళు, గోరింకలూ వినిపించినంతగా పెద్దమ్మ వినిపించదు. అందుకే స్టూడియో.

బుక్ చేయగానే వాళ్ళడిగింది శ్రుతి ఎంత, వేగం ఎంత అని. తంబురా యాప్ పెట్టి చూశాను. మూడు శ్రుతిలో ఎత్తుకుని, చివరికొచ్చేసరికి రెండున్నరకి జారుతుంది. దానికి ఒక చెవిలోనే హెడ్‌ఫోన్ పెట్టి సన్నగా తంబురా వినిపిస్తామన్నారు. రెండో చెవి తన గొంతు తాను వినడానికి. తాళానికి టిక్కు టిక్కు మనే క్లిక్ మాత్రం వద్దన్నాను. ఆవిడ ఊపిరి ఉయ్యాల వెనక్కొచ్చినప్పుడు తీసుకుంటుంది, గడియారం చెప్పినప్పుడు కాదు.

కిందటి వారం ఒక్కదాన్నే వెళ్ళి చూసొచ్చాను. ఇలాంటి పని పెట్టుకునేవాళ్ళు ముందే వెళ్ళి చూడండి. లిటిల్ ఇండియాకి నడక దూరంలో, పాత అంగడి ఇంటి మేడ మీద ఉంది. మెట్లు నిట్టనిలువు. ఎక్కగానే పాడమంటే నేనే పాడలేను. అరగంట ముందే వెళ్ళాలి. గదిలో ఏసీ చలి, బయట ఉక్క; శాలువా కావాలి. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళు. దారిలో చెండోల్ బండి కనిపిస్తే తల తిప్పుకోవాలి. అన్నం రెండు గంటల ముందు తినాలి గానీ, ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు. మైకుకి కడుపు గుర్రుమన్నా వినిపిస్తుంది! గంజి పెట్టిన చీర గరగరా వినిపిస్తుంది, గాజులు మరీను. గాజులు తీయమంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. "మీ పెదనాన్న బతికుండగానేటి?" అంది. మెత్తటి రుమాలు చుట్టి కట్టేద్దామని రాజీ పడ్డాం.

ఇన్ని జాగ్రత్తలు పడి, అసలు తప్పు నేనే చేశాను. పాట అంతా పెద్ద అక్షరాలతో రాసి, ఊపిరి తీసే చోట గీతలు పెట్టి ఇచ్చాను. రాస్తూ రాస్తూ ఆవిడ మాటల్ని కొంచెం "సరిచేశాను" కూడా. ఆవిడ చదివింది ఎస్టేట్ తమిళ బడిలో, తెలుగు చదవడం రాదు. ఆ సంగతి అడగాలని నాకు తోచనే లేదు. కాగితం తిరగేసి పట్టుకుని ఊరుకుంది. సరే, నేను చదివి వినిపించాను. ఆ తర్వాత పాడమంటే రెండో చరణం దగ్గర ఆగిపోయింది. మర్నాడూ అంతే. మూడో రోజు "నాకు రాదులే అమ్మా, నువ్వే పాడీ" అంది.

కాగితం చింపేశాను. ఏం చేయాలో తోచక మా చిన్నదాన్ని తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టాను. చెయ్యి కదిలింది. పాట వచ్చింది, సంక్రాంతినాడు పోయిన రెండు చరణాలతో సహా. ఆవిడకి మాటలు చేతిలో ఉన్నాయి, నోట్లో కాదు. స్టూడియోకి పిల్లను తీసుకెళ్ళలేం కాబట్టి దూది దిండు తీసుకెళ్తున్నాం. దిండుని తడితే చప్పుడు రాదు, పరీక్షించి చూశాను.

ఒక్క పాటే. ముక్కలుగా అతకడం లేదు, మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు. ఎంపీత్రీ ఒక్కటే చాలదని, అసలు వేవ్ ఫైలు కూడా ఇమ్మని ముందే చెప్పాను.

ఒక సంగతి మాత్రం గౌహర్ జాన్ దగ్గర నేర్చుకున్నాను. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ వాళ్ళకి పాడినప్పుడు ఆవిడ పాట చివర తన పేరు తనే గట్టిగా చెప్పింది. రికార్డులు ఎక్కడో జర్మనీలో తయారయ్యేవి, అక్కడివాళ్ళకి ఏ పాట ఎవరిదో తెలియాలి కదా. మా స్టూడియో అబ్బాయి ఇంట్లో మాట్లాడేది హొక్కియెన్, తెలుగు ముక్క రాదు. అందుకని పెద్దమ్మనీ చివర్లో పేరు, ఊరు చెప్పమన్నాను.

"ఏ పేరు సెప్పాలి?" అంది. ఐసీ కార్డులో ఆవిడ పేరు, ఫలానా ఆయన కూతురు అని నాన్న పేరు ఉంటాయి. ఇంటిపేరు లేదు. వాళ్ళమ్మ పేరు అసలే లేదు.

"మాయమ్మ పేరు సెప్పొచ్చేటి? పాట ఆవిడది గదా."

నిన్న రాత్రి నాలుగుసార్లు సాధన చేయించాను. నాలుగుసార్లూ వాళ్ళమ్మ పేరే ముందు చెప్పింది.