“పడదు” అంటే చాలదు!

డండాక్ నుంచి కారులో అరగంట వెళితే కార్లింగ్‌ఫర్డ్, ఆయిస్టర్లకు పేరున్న ఊరు. ఎండ కాసిన ఆదివారం అక్కడి రెస్టారెంట్లలో టేబుల్ దొరకడమే గగనం. ఆ హడావిడిలో కూడా వెయిటర్‌కి తప్పక చెప్పాల్సిన మాట ఒకటుంది.

“మా వాడికి రొయ్యలు పడవండీ” అంటాం మనం. తింటే కడుపు ఉబ్బినా పడదు, దురద వచ్చినా పడదు, ఊపిరాడకపోయినా పడదే! ఇక్కడ మాత్రం “అలర్జీ” అనే చెప్పండి, అదీ ఆర్డరు ఇవ్వకముందే.

యూరోపియన్ యూనియన్ నిబంధనల జాబితాలో అలర్జీ పదార్థాలు 14. అందులో సముద్రపు తిండివే మూడు: చేపలు ఒకటి, రొయ్యలు, పీతలు రెండు, ఆయిస్టర్లు, మసెల్స్, స్క్విడ్ మూడు. ఐర్లాండ్‌లో 2014 డిసెంబరు నుంచి రెస్టారెంట్లు ఈ వివరాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. కనుక అడగడానికి మొహమాటం వద్దు. మెనూలో వంటకం పక్కనుండే చిన్న అంకెలు చాలాచోట్ల ఇవే. ఆ కోడ్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, పట్టిక చూడకుండా డీకోడ్ చేయకండి!

సీఫుడ్ చౌడర్‌లో ఈ మూడు రకాలూ కలిసే ఉండొచ్చు. రొయ్యలు వేగిన నూనెలోనే వేయిస్తే ఉత్త చిప్స్ కూడా ప్రమాదమే. అదీ అడగండి.

పిల్లలూ, మీ అలర్జీ పేరు మీరే చెప్పడం నేర్చుకోండి. డాక్టరు రాసిచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షన్ కారులో వదలకండి. ఊపిరి కష్టమైతే వెంటనే అది వేసి, 112కి ఫోన్ చేయాలి.

ఆ తర్వాతే ఆయిస్టర్ల మీద నిమ్మకాయ పిండుదాం!