కూలికి పోయే పిల్లలు విద్యార్థులు కారా?

కాలేజీ కాగితాల్లో ‘రెగ్యులర్ విద్యార్థి’ అని ఒక మాట ఉంది. రెగ్యులర్ అయితే ఫీజు వస్తుంది, స్కాలర్‌షిప్ వస్తుంది, హాస్టల్ సీటు వస్తుంది. ఈ మాటను ఎవరిని చూసి తయారుచేశారు? నెలనెలా డబ్బు పంపే తండ్రి ఉండి, చదువు తప్ప వేరే పని లేని పిల్లవాణ్ణి చూసి. అలాంటి పిల్లవాడు మా గూడేల్లో ఎంతమంది ఇళ్లలో ఉన్నాడు?

మా పిల్లలు రెండు క్యాలెండర్ల మధ్య బతుకుతున్నారు. ఒకటి కాలేజీది, ఒకటి అడవిది, పొలానిది. పాడేరు, అరకు కొండల్లో కాఫీ పండ్లు ఏరేది నవంబరు నుంచి. మొదటి సెమిస్టరు పరీక్షలు ముంచుకొచ్చేదీ అప్పుడే. ఖమ్మం, ములుగు వైపు మిర్చి ఏరేది జనవరి తర్వాత. ఇప్పపువ్వు, ఆ వెంటనే తునికాకు ఎండాకాలంలో. తునికాకు పని కొద్ది వారాలే. ఆ వారాలు పోతే ఏడాదికి ఆ డబ్బు లేనట్టే. పట్నంలో హాస్టల్‌లో ఉన్నవాళ్లు పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్‌కు పోతారు. అర్ధరాత్రి దాకా ప్లేట్లు మోసి, పొద్దున క్లాసులో కునుకుతారు. సారు లేపి నిలబెడతాడు.

హాస్టల్ ఇచ్చారు, ఫీజు కడుతున్నారు, ఇంకా కూలి ఎందుకని అడిగేవాళ్లకు ఒక లెక్క చెబుతాం. తెలంగాణలో 2024లో మెస్ ఛార్జీలు పెంచారు. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 ఉన్నది 2,100 రూపాయలైంది. పెరిగాక కూడా రోజుకు 70 రూపాయలు. అందులోనే టిఫిను, రెండు పూటల భోజనం. పరీక్ష ఫీజు, రికార్డులు, జిరాక్సులు, ఊరికి బస్సు ఛార్జీ, ఇంటి దగ్గర అప్పు ఇవన్నీ ఎక్కడి నుంచి రావాలి?

ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు సమయానికి రాదు. బకాయి ప్రభుత్వానిది, నిలదీత మా పిల్లలకు. ‘ముందు డబ్బు కట్టు, తర్వాత సర్టిఫికెట్లు తీసుకో’ అనే మాట మాలో చాలామంది విన్నాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు పట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ ఉత్తర్వు కొండెక్కి మా దాకా రాలేదు.

ఇక హాజరు. 75 శాతం లేకపోతే ఫీజు పథకం వర్తించదు. జబ్బు చేసిందని డాక్టరు సర్టిఫికెట్ తెస్తే చాలా కాలేజీల్లో 65 శాతం దాకా సడలింపు ఉంది. కూలికి పోయానంటే లేదు. ఆకలి వీళ్ల లెక్కలో జబ్బు కాదు. సరే, పని చేస్తూ దూరవిద్యలో చదువుకుందామంటే, ఆంధ్రప్రదేశ్‌లో గతంలో విద్యా దీవెన పథకం నడిచినప్పుడు దాని నిబంధనలు దూరవిద్యను బయటే ఉంచాయి. క్లాసుకు రాలేనివాడికి ఫీజు లేదు, ఫీజు లేనివాడికి క్లాసు లేదు.

రాజ్యాంగం 46వ అధికరణం షెడ్యూల్డ్ తెగల విద్యా ప్రయోజనాలను, ఆర్థిక ప్రయోజనాలను ఒకే వాక్యంలో పెట్టి, రెంటినీ ప్రత్యేక శ్రద్ధతో చూడమంది. పాలకులు ఆ రెంటినీ విడదీశారు. చదువుకుంటే పని మానెయ్యమంటారు, పని చేస్తే చదువు మానెయ్యమంటారు. తర్వాత మా పిల్లలకు చదువు మీద శ్రద్ధ లేదని, డ్రాపౌట్లని రాసుకుంటారు. వాళ్లు మానలేదు, మాన్పించారు.

మేం దయ అడగడం లేదు. డాక్టరు కాగితానికి ఇచ్చే సడలింపు పని సీజన్‌కూ ఇవ్వండి. ఐటీడీఏ ప్రాంతాల కాలేజీల్లో పరీక్షల తేదీలు కోతలు, ఏరివేతలు చూసి పెట్టండి. సాయంత్రం తరగతులు నడపండి. దూరవిద్యకూ ఫీజు కట్టండి. స్కాలర్‌షిప్ డబ్బు పరీక్ష ఫీజు గడువు కంటే ముందే పిల్లల చేతికి రావాలి.

చేతికి కాఫీ జిగురు అంటిన పిల్ల కూడా విద్యార్థే. ఆమెను రెగ్యులర్ అని రాయడం నేర్చుకోవాల్సింది మీరు.