ఉదయం రథాలు, సాయంత్రం దేవుడు

క్యోటోలో గియోన్ మత్సురి జులై నెలంతా సాగుతుంది. పైఊళ్ల జనం చూసేది మాత్రం ఎక్కువగా ఒక్క ఉదయమే, 17వ తేదీ రథాల ఊరేగింపు. ఒసాకాలో రైలెక్కితే గంటలోపే అక్కడి కరసుమ స్టేషన్‌లో దిగొచ్చు. ఒక స్నేహితుడితో కలిసి నేనూ అలాగే వెళ్లాను. "పొద్దున్నే పోయి, రథాలు చూసుకుని, ఎండ ముదిరేలోపు వచ్చేద్దాం రా" అన్నాడు. ఇలా చుట్టపుచూపుగా పోయి రావడం ఆ పండగకు మేలా, భారమా అన్న వాదన మా ఇద్దరి మధ్య ఇంకా తెగలేదు.

భారమే అనేవాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. ఇది వినోదం కోసం పుట్టిన పండగ కాదు. 869లో మహమ్మారి చెలరేగినప్పుడు, ఆనాటి 66 రాష్ట్రాలకు గుర్తుగా 66 హోకోలు, అంటే పొడవాటి ఈటెలు, నిలబెట్టి శాంతి చేశారు. ఒనిన్ యుద్ధం 1467లో మొదలై ఊరిని బూడిద చేస్తే ఊరేగింపు ఆగిపోయింది, 1500లో మళ్లీ కదిలింది. అంత పట్టుదలతో నిలబెట్టుకున్నదాన్ని చూడవచ్చినవాళ్ల వీలు కోసం మార్చిన సందర్భాలున్నాయి. 24న జరగాల్సిన రెండో ఊరేగింపును ట్రాఫిక్ ఇబ్బంది, పర్యాటకుల సౌకర్యం చూసుకుని 1966లో 17వ తేదీలో కలిపేశారు. అది విడిగా మళ్లీ జరిగింది 2014లోనే. 2023లో ఊరేగింపు చూడటానికి మనిషికి 4 లక్షల యెన్‌ల సీట్లు అమ్మారు. ఖరీదైన సీట్ల దగ్గర మద్యం పోయడాన్ని ఆ మరుసటి ఏడు, ఈ పండగ జరిపే యసాక గుడి ప్రధాన పూజారే బహిరంగంగా తప్పుపట్టారు. ఆయన బాధ న్యాయమైనదనే నా నమ్మకం. మన ఊళ్లో అమ్మవారి జాతరకు అలాంటి సీట్లు వేస్తే ఊరుకుంటామా?

అయితే వీధిలో నిలబడి చూశాక నా స్నేహితుడి పక్షానికీ బలం కనిపించింది. ఆ రథాలను గుట్టుగా ఉంచుకోవడానికి కట్టలేదు. ఆనాటి ఈటెల పేరే ఉన్న హోకో రథాల్లో పెద్దదాని బరువు సుమారు 12 టన్నులు, ఎత్తు 25 మీటర్ల దాకా. చక్రాలు తిరగడమే తప్ప మలుపు తీసుకోవు. అందుకే షిజో-కవరమాచి కూడలిలో చక్రాల కింద చీల్చిన వెదురు బద్దలు పరిచి, నీళ్లు చల్లి, తాళ్లతో పక్కకు లాగుతారు. రథం మీద నిలబడ్డవాళ్లు విసనకర్ర ఊపి కేక వేస్తారు, లాగేవాళ్లంతా ఒక్క ఊపున బలం వేస్తారు, రథం కొద్దిగా జారి ఆగుతుంది. ఇలా మూడు నాలుగు లాగుళ్లకు కొత్త వీధికి ఎదురు తిరిగేసరికి కూడలంతా చప్పట్లు. వాళ్ల పట్టుకూ ఆ చప్పట్లకూ సంబంధం లేదని నేను అనలేను.

అలంకారాలదీ అదే కథ. నేత వస్త్రాల వర్తకులుండే పేటలు పోటీలు పడి తెప్పించిన వస్త్రాలవి. కాంకోబోకో అనే రథానికి ఒక బెల్జియం తెర ఉంది, దాని మీద బైబిల్లోని రిబ్కా నీళ్లు ఇచ్చే ఘట్టం. డచ్చివాళ్ల ఓడల మీద వచ్చిన తివాచీల్లో కొన్ని మన దక్కన్‌లో నేసినవని నిపుణులు గుర్తించారు. దూరదేశపు సరుకును నెత్తిన పెట్టుకుని వీధుల్లో తిప్పిన పండగ, దూరం నుంచి వచ్చిన మనిషిని కాదంటుందా? డబ్బు సంగతి కూడా ఉంది. వీటిని కాపాడుకునేది ఆయా పేటలవాళ్లే. గుమ్మానికి కట్టుకునే వెదురాకుల చిమాకి రక్షలు అమ్మగా వచ్చే సొమ్ము అందుకు పెద్ద ఆసరా. కొనేవాళ్లలో మాలాంటి ఒకపూట మనుషులూ ఉంటారు.

ఇంతవరకు తూకం సమంగానే ఉంది. నా మనసు మొగ్గింది సాయంత్రం చూశాకే. పొద్దుటి రథాలు దారిని శుద్ధి చేయడానికి తిరుగుతాయి. దేవుడు బయటికి వచ్చేది సాయంత్రం. ఆ దేవుడు సుసనోఓ, ఆయన భార్య, పిల్లలు మూడు పల్లకీల్లో యసాక గుడి మెట్ల ముందుకు వస్తారు. మోసేవాళ్లు "హోయిత్తో, హోయిత్తో" అంటూ వాటిని పైకెత్తి కుదుపుతారు. అక్కడి నుంచి షిజో వీధిలోని విడిదికి చేరి, 24 దాకా దేవుడు ఊరి మధ్యనే ఉంటాడు. మధ్యాహ్నం రైలెక్కితే, వీధి ఊడ్చి కళ్లాపి చల్లడం చూసి ఉత్సవమూర్తి రాకముందే ఇంటికి పోయినట్టే.

అందుకే ఒక్క రోజు సరదాగా పోవడంలో నాకు తప్పు కనిపించదు, ఒక్క పూటే అభ్యంతరం. మధ్యాహ్నపు ఎండలో ఎక్కడో నీడన కూర్చోండి, సాయంత్రానికి గుడి దగ్గరికి రండి. గుంపు భరించలేని వాళ్లకు 24వ తేదీ ఉంది: రథాలు 11 మాత్రమే, ముందు రాత్రుల్లో వీధి నిండా తినుబండారాల బళ్లు కూడా ఉండవు. చంటిపిల్లలతో వచ్చేవాళ్లు అంతసేపు ఎలా ఉంటారని నా స్నేహితుడు అడుగుతాడు. క్యోటో జులై ఎండ తెలిసినవాణ్ని కనుక వాళ్లను మాత్రం పొద్దుటి రథాలు చూసుకుని వెళ్లమనే అంటాను.