జిరాక్స్ నోట్సుతో సరిపెట్టొద్దు

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఏ సందులోకి తొంగిచూసినా జావా, పైథాన్, డేటా సైన్స్ బోర్డులే. జిరాక్స్ షాపుల నిండా స్పైరల్ బైండింగ్ మెటీరియల్ దొంతరలే. బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టులూ ఇక్కడ రెడీమేడ్‌గా దొరుకుతాయి. పంజాగుట్ట హాస్టళ్లలో ఉండి ఈ కోర్సులు చేసే పిల్లలను తప్పుపట్టి లాభం లేదు. పరిశోధన పత్రం వెతికి చదవడం ఎలాగో చాలా కాలేజీలు నేర్పడమే లేదు.

ఇలాంటి పత్రాల అందుబాటు కోసం కేంద్రం 2025 జనవరిలో ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ ప్రారంభించింది. మూడేళ్లకు రూ.6,000 కోట్లు కేటాయించి, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లను అందుబాటులోకి తెచ్చింది. మంచిదే. కానీ అది ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల కోసం. జేఎన్‌టీయూ క్యాంపస్ విద్యార్థి ఉచితంగా చదివే పత్రాన్ని, అదే వర్సిటీ సిలబస్ చదివే ప్రైవేటు అనుబంధ కాలేజీ విద్యార్థి కొనుక్కోవాలి. లేదా అతడి కాలేజీ చందా కట్టాలి. రాష్ట్రంలో ఇంజినీరింగ్ సీట్లు అత్యధికం ప్రైవేటులోనే ఉన్నాయి. అంటే ఎక్కువమంది గడప బయటే.

కూకట్‌పల్లి జేఎన్‌టీయూకు అమీర్‌పేట నుంచి నేరుగా మెట్రో ఉంది. లైసెన్సు షరతులు అనుమతించిన మేరకు అనుబంధ కాలేజీల విద్యార్థులకు అక్కడి గ్రంథాలయంలో రీడింగ్ పాసులివ్వాలి. ఐఐటీ ఖరగ్‌పూర్ రూపొందించిన నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉచితమే; ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలూ ఉచితమే. వాటి వాడకాన్ని మొదటి ఏడాదిలోనే నేర్పాలి. కాలేజీలకు వచ్చే తనిఖీ బృందాలు బీరువాల్లోని పుస్తకాలను లెక్కపెట్టి ఊరుకోకుండా, వాటిని చదివేవారెందరో అడగాలి.