కర్నూలు ఉస్మానియా కళాశాల – మన బాధ్యత

కర్నూలులోని ఉస్మానియా కళాశాల పేరు వినగానే అది హైదరాబాదు విశ్వవిద్యాలయానికి శాఖ కాబోలునని భావించేవారు నేటికీ మాకు తారసపడుతూనే ఉన్నారు. అది నిజం కాదు. కర్నూలు 1839లోనే నవాబుల చేజారి కంపెనీ పాలనలోకి పోయిన ఊరు. 1947లో ఉమ్మడి మద్రాసులోని భాగం. ఆ సంవత్సరమే డాక్టర్ అబ్దుల్ హక్ గారు తమ సొంత ఊరిలో ఈ కళాశాలను నెలకొల్పారు.

ఆ సంవత్సరాన్ని పాఠకులు ఒక్కసారి తలచుకోవాలి. దేశం రెండు ముక్కలై, ఉండాలా వెళ్ళాలా అని ఎన్నో కుటుంబాలు తల్లడిల్లుతున్న వేళ అది. అట్టి వేళ కళాశాల స్థాపించడమంటే, మేమిక్కడే ఉంటాము, మా బిడ్డలిక్కడే చదువుకుంటారు అని చాటడమే. అప్పటికి రాజ్యాంగం లేదు. 30వ అధికరణా లేదు. హక్కు కాగితం మీదికి రాకముందే సంస్థ నిలబడింది. మద్రాసులో ప్రభుత్వ మహమ్మదన్ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన విద్వాంసుడు ఇందుకు పూనుకోవడం మన అదృష్టం. తరువాత 1951లో మద్రాసులో న్యూ కాలేజీ, తిరుచ్చిలో జమాల్ మహమ్మద్ కళాశాల వెలిశాయి. హక్ గారి పేరిట ఉర్దూ విశ్వవిద్యాలయం మాత్రం 2016 దాకా రాలేదు.

హక్కు ఉన్నది కదా, ఇక చింత ఏమిటని కొందరు అడుగుతారు. 20 ఏళ్ళు పైబడిన ముస్లింలలో పట్టభద్రులు, డిప్లొమాదారులు కలిపినా నూటికి నలుగురికి మించలేదని 2006లో సచార్ కమిటీ తేల్చింది. మరోవైపు ఆంధ్రప్రదేశ్‌లోని ఎయిడెడ్ కళాశాలలలో విరమణ చేసిన అధ్యాపకుల స్థానాలు ఏళ్ళ తరబడి భర్తీకాలేదు. 2021లో ఎయిడ్‌ను, సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించాలని యాజమాన్యాలను కోరారు. నిరసనలు వచ్చాక అది ఐచ్ఛికమేనన్నారు. దస్త్రాల మధ్య బ్రతుకు గడిపిన మాకు, ఐచ్ఛికమనే మాట ఫైలులో ఎంత త్వరగా తప్పనిసరిగా మారుతుందో తెలియనిది కాదు!

ఎయిడ్ సన్నగిల్లితే ఫీజు పెరుగుతుంది. ఫీజు పెరిగిన ఇంట మొదట చదువు మానేది ఆడబిడ్డ. ఆటో నడిపే తండ్రి కొడుకు కోసం అప్పు చేస్తాడు, కూతురికి సంబంధం చూస్తాడు. ఈ మాట మేము ఊహించి వ్రాయడం లేదు. మా వీధిలోనే చూస్తున్నాము.

కావున ఖాళీ పోస్టుల భర్తీని కోరుతూ వినతిపత్రాలు ఆగరాదు. కళాశాల పూర్వ విద్యార్థులను ఇంకొకటి కూడా కోరుతున్నాము: రానున్న రమజానులో జకాత్ లెక్క వేసేటప్పుడు, మీ పేటలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక పేద బిడ్డ పరీక్ష ఫీజును, బస్సు పాసును ఆ లెక్కలో చేర్చండి.