హోటళ్ల వంటశాలల్లోనూ దివ్యాంగులకు సౌలభ్యం

హోటళ్లు, క్యాంటీన్ల ముఖద్వారం వద్ద వీల్‌చైర్ల కోసం ర్యాంపులు ఏర్పాటవుతున్నప్పటికీ, వెనుకనున్న వంటశాల సంగతి తరచు మరుగున పడుతోంది. ఇరుకైన దారులు, ఎత్తైన వంటగట్లు, జారే నేల కారణంగా పని తెలిసిన దివ్యాంగులు సైతం ఉపాధికి దూరమవుతున్నారు.

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 ప్రకారం ఈ విభజనకు ఆస్కారం లేదు. ప్రజా భవనం నిర్వచనంలో పని ప్రదేశాన్నీ, వాణిజ్య కార్యకలాపాలు సాగే భవనాలనూ చట్టం చేర్చింది. సహేతుక వెసులుబాటును నిరాకరించడం కూడా వివక్షేనని స్పష్టం చేసింది. 2017 జూన్‌లో వెలువడిన నిబంధనల మేరకు 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు సమాన అవకాశాల విధానాన్ని సవివరంగా ప్రకటించవలసి ఉంటుంది. పాత భవనాల్లో మార్పులకు ఇచ్చిన అయిదేళ్ల గడువు 2022లోనే ముగిసింది.

అవసరమైన మార్పులన్నీ ఖర్చుతో కూడినవి కావు. వీల్‌చైర్ తిరగడానికి 1,500 మిల్లీమీటర్ల ఖాళీ స్థలం, 900 మిల్లీమీటర్ల ద్వారం, కింద మోకాళ్లు పట్టేలా తక్కువ ఎత్తు గల ఒక గట్టు ఉంటే కూరగాయలు తరగడం, పిండి కలపడం వంటి పనులు కూర్చునే చేయవచ్చు. బధిరులకు నోటిమాటకు బదులు రాతపూర్వక ఆర్డరు చీటీలు, అగ్నిప్రమాద హెచ్చరికకు వెలిగి ఆరే దీపాలు అవసరం. అంధులకు ప్రతి వస్తువూ నిర్ణీత స్థానంలో ఉండటం, డబ్బాలపై బ్రెయిలీ గుర్తులు ఉపకరిస్తాయి. మేధోపరమైన వైకల్యం గలవారికి తయారీ దశలను బొమ్మలతో చూపే కార్డులు తోడ్పడతాయి. జారని నేల, వేడి పాత్రలు మోయనక్కరలేని చక్రాల బండ్లు సిబ్బంది అందరికీ రక్షణే.

ఇది ఆచరణసాధ్యమని అనుభవం చెబుతోంది. కర్ణాటకలోని హుబ్బళ్లిలో 2017లో ఆరంభమైన మిట్టి కేఫ్‌ను దివ్యాంగులే నడుపుతున్నారు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ప్రాంగణంలోనూ దాని శాఖ ప్రారంభమైంది.

సౌలభ్య ప్రమాణాలు కేవలం సూచనలుగా మిగలరాదని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయ దివ్యాంగుల అధ్యయన కేంద్రం సమర్పించిన నివేదిక ఈ తీర్పునకు తోడ్పడింది.

నిబంధనలు పాటించని నిర్మాణ ప్రణాళికకు అనుమతి గానీ, పూర్తయిన భవనానికి ధ్రువపత్రం గానీ ఇవ్వరాదని చట్టంలోని 44వ సెక్షను నిర్దేశిస్తోంది. కావున ప్లాను పరిశీలించే అధికారులు భోజనశాలతో ఆగక వంటశాలను, సిబ్బంది మరుగుదొడ్లను, స్టోరు గదిని సైతం పరిశీలించినప్పుడే చట్టం ఉద్దేశించిన ఉపాధి దివ్యాంగులకు అందుతుంది.